ఏడో పొగ

1944 అక్టోబరు పంతొమ్మిదిన ఇటలీ కొండల్లో వాన రెండు గంటలు తెరిపి ఇచ్చింది. ఆ రెండు గంటల్లో ఎర్మెతె తన ఊరిని చూశాడు.

చూసి రెండేళ్ల నాలుగు నెలలైంది. అతను నిలబడ్డ మోంతె చెర్రో శిఖరానికీ, ఎదుటి కొండవాలున ఉన్న రోంకాల్తో ఊరికీ మధ్య ఒక లోయ, అందులో ఒక వాగు. మామూలు రోజుల్లో గంటన్నర నడక. ఇప్పుడు ఆ నడకకు అడ్డంగా మందుపాతరలు, మూడు వరసల ముళ్లకంచె, ఆ వెనక జర్మన్లు ఏడాదిపాటు కొండను తొలిచి కాంక్రీటు పోసుకున్న తుపాకీ గూళ్లు ఉన్నాయి. అమెరికన్ సైన్యం సెప్టెంబరు పదమూడున కనుమ దగ్గర మొదలుపెట్టి ఈ శిఖరం ఎక్కేసరికి ముప్పై ఆరు రోజులు పట్టింది. వచ్చిన దూరం పద్నాలుగు కిలోమీటర్లు. ఎర్మెతె భాగించి చూసుకున్నాడు. రోజుకు నాలుగు వందల మీటర్లు కూడా లేదు. ఊరు ఇంకా మూడు కిలోమీటర్లుంది. ఎనిమిది రోజులు. సైన్యం రోజూ ఇంత చొప్పున నడవదనీ, పది రోజులు బురదలో కూర్చుని ఒక రోజు నడుస్తుందనీ అతనికి తెలుసు. అయినా పొద్దున లేవగానే ఆ లెక్క మళ్లీ వేసుకునేవాడు.

అతను తుపాకీ పట్టే మనిషి కాదు, కంచరగాడిదలు తోలే మనిషి. ఇటలీ సైన్యంలో కొండ పటాలంలో ఉన్నప్పుడూ అదే పని. పోయినేడు సెప్టెంబరులో ప్రభుత్వం చేతులెత్తేసిన రోజున అతను దక్షిణాన బారి రేవులో ఉన్నాడు. ఇల్లు ఉత్తరాన. మధ్యలో యుద్ధం. జీపు ఎక్కలేని దారుల్లో గుండ్లూ నీళ్లూ మోయడానికి అమెరికన్లకు గాడిదలు కావలసి వచ్చాయి, వాటి భాష తెలిసినవాళ్లు కావలసి వచ్చారు. ఈ సైన్యం ఎలాగూ మా ఇంటివైపే పోతోంది, దీని వెంట నడిస్తే ఇల్లు వస్తుంది అనుకుని ఎర్మెతె చేరిపోయాడు. పదమూడు నెలలుగా నడుస్తున్నాడు.

అతని గాడిద పేరు కొంతెస్సా. అంటే దొరసాని. మోత ఎనభై కిలోలు దాటితే కదలదు. ఎనభై ఒకటి వేస్తే ఆవిడకు ఎలా తెలుస్తుందో ఎవరికీ తెలియదు. వెనక గాడిదను తోలే సెత్తిమియో సార్దీనియా ద్వీపం వాడు, ఇరవై ఆరేళ్లవాడు. దొరసానికి లెక్కలు వచ్చు, మన జనరల్‌కే రావు అనేవాడు. ఎక్కేటప్పుడు మోర్టారు గుండ్లు, నీళ్ల డబ్బాలు, రొట్టెల పెట్టెలు. దిగేటప్పుడు గాయపడ్డవాళ్లు, ఒక్కోసారి చనిపోయినవాళ్లు.

ఆ రోజు తెరిపిలో ఎర్మెతె ఊరినేమీ చూడలేదు నిజానికి. ఇళ్లు రాతివి, కొండ రంగువి, అంత దూరానికి ఆనవు. అతను చూసింది పొగలు. ఊరి చుట్టూ చెస్ట్‌నట్ తోపుల్లో అక్కడక్కడ పొగలు లేస్తున్నాయి. లెక్కపెట్టాడు. ఏడు. ఊళ్లో కాయలెండబెట్టే గదులు, మెతాతోలు, ఏడే. ఒకటి అతనిది. తోపు చివర, బాట పక్కన, ఊళ్లోని ఇళ్లకు రెండు వందల అడుగుల అవతల ఉన్నది. ఆ ఏడో పొగ కూడా లేస్తోంది.

భార్య జెలిందా బతికే ఉంది. అతను పక్కనున్న దొరసాని మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఆ కొండల్లో గోధుమ పండదు. పండేది చెస్ట్‌నట్. అక్టోబరులో కాయలు ఏరి మెతాతోలో పోస్తారు. రాళ్లతో కట్టిన రెండంతస్తుల గది అది. పై అంతస్తు నేల కర్రల తడక, దాని మీద కాయలు. కింద నేల మధ్యలో నిప్పు. ఆ నిప్పు నలభై రోజులు ఆరకూడదు, ఒక్కసారి కూడా మండకూడదు. చెట్టు మొద్దులు పెట్టి, నిరుటి కాయల పొట్టు కప్పి, మంట లేకుండా రగలనిస్తారు. వేడి పైకి పోయి కాయ ఎండుతుంది, పొగ కప్పు రాళ్ల సందుల్లోంచి బయటికి పోతుంది. మంట లేచిందా, కాయ మాడి చేదెక్కుతుంది. నలభై రోజుల తర్వాత దంచి, పొట్టు తీసి, వాగు మీది మరలో పిండి ఆడించుకుంటే వేసవి దాకా తిండి. పిల్లల్లేని ఆ ఇంట్లో ఎర్మెతె సైన్యంలోకి పోయాక ఆ పనంతా జెలిందా ఒక్కతే చేసుకునేది. నిప్పు పెట్టడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. మిగతా ఆరిళ్లవాళ్లు కూడా మొదటి రోజున ఆమెనే పిలిచి పెట్టించుకుంటారు.

శిఖరం మీద రాళ్ల చాటున ఫిరంగులకు గురి చెప్పే లెఫ్టినెంట్ హాల్వర్సన్ కూడా ఆ ఏడు పొగలనూ లెక్కపెట్టాడు. కాయితం మీద ఏడు చుక్కలు పెట్టాడు. ఎర్మెతె ఆ ఊరివాడని ఎవరో చెబితే పిలిపించాడు. మధ్యలో తర్జుమా చెయ్యడానికి బొనోమో అనే కార్పొరల్ ఉన్నాడు. షికాగోలో పుట్టినవాడు, సిసిలీ నుంచి వలసపోయిన నాయనమ్మ ఒళ్లో నేర్చుకున్న ఇటాలియన్ తప్ప ఇంకో ఇటాలియన్ తెలియదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు డెబ్భై ఏళ్ల ముసలమ్మలా మాట్లాడతాడని గాడిదల వాళ్లు అతనికి అవ్వ అని పేరు పెట్టారు.

"ఆ పొగలు దేనివో తమరు సెలవియ్యాలండయ్యా," అన్నాడు బొనోమో.

ఎర్మెతె చెప్పాడు. మెతాతో ఏమిటో, పొగ అలా ఎందుకు వస్తుందో, ఎన్నాళ్లు వస్తుందో చెప్పాడు. జర్మన్ పొయ్యి పొగ గొట్టంలోంచి తీగలా నిలువుగా లేస్తుందనీ, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వచ్చి ఆగిపోతుందనీ, ఇదేమో ఇంటి కప్పంతా చెమట పట్టినట్టు తెల్లగా పాకుతుందనీ, పగలూ రాత్రీ ఒక్కలాగే ఉంటుందనీ చెప్పాడు. బైనాక్యులర్స్ ఇమ్మని అడిగి తీసుకుని ఒక్కొక్కటే చూసి, ఏడూ అవే అన్నాడు. అక్కడున్నది ఆడవాళ్లూ ముసలివాళ్లూ అన్నాడు.

హాల్వర్సన్ చుక్కల మీద ఒక్కొక్కటిగా అడ్డగీత పెట్టాడు. అతనికి ఎలాగూ గుండ్లు కరువు. ఆ నెలలో ఒక్కో ఫిరంగికి రోజుకు పదిహేనే ఇస్తున్నారు. వాటిని కాయలెండబెట్టే గదుల మీద ఖర్చుపెట్టే ఉద్దేశం అతనికి లేదు.

వాన మళ్లీ మొదలైంది. సైన్యం కూర్చుంది.

కూర్చోవడం ఎర్మెతె వల్ల కాలేదు. రోజూ తెల్లవారుజామున మంచులో సరుకు పైకి చేర్చి, మధ్యాహ్నం లోపల కింద శిబిరానికి దిగి, దొరసాని కాళ్లకు బురద కడిగి, మళ్లీ సాయంత్రం బండ్ల దగ్గర మోతకు నిలబడాలి. మధ్యలో పడుకోవలసిన గంటల్లో అతను శిఖరం ఎక్కి పొగలు చూసేవాడు. వాన తెర వేసిన రోజుల్లో కూడా వెళ్లి తెరవైపు చూస్తూ కూర్చునేవాడు. సిపాయిలు ఒక గుట్ట పట్టుకునేవాళ్లు. దాని వెనక ఇంకో గుట్ట మీంచి మిషన్‌గన్ మోగేది. పట్టుకున్న గుట్ట వదిలి వచ్చేవాళ్లు. మర్నాడు మళ్లీ పట్టుకునేవాళ్లు. ఎనిమిది రోజుల లెక్క తొమ్మిదైంది, పదకొండైంది.

"అన్నా, నీ పెళ్లాం అక్కడే ఉంటుంది. నువ్వు కళ్లార్పినంత మాత్రాన పారిపోదు. పడుకో," అన్నాడు సెత్తిమియో.

ఇరవై నాలుగున పొద్దున ఏడో పొగ నల్లగా ఉంది.

అతను కళ్లు తుడుచుకుని చూశాడు. మిగతా ఆరూ తెల్లగా పాకుతున్నాయి. ఏడోది మాత్రం నిలువుగా లేచి, గంట తర్వాత తగ్గి, మధ్యాహ్నానికి ఆగిపోయింది. సాయంత్రం మళ్లీ లేచింది. మర్నాడూ అంతే. పొద్దున నల్లగా, మధ్యాహ్నం ఏమీ లేదు, సాయంత్రం నల్లగా. కింద నిప్పు మండుతోందన్నమాట. మధ్యలో ఆరిపోతోందన్నమాట. అక్కడ ఉన్నది జెలిందా అయితే అలా జరగదు. జ్వరం వచ్చి పడుకున్నా లేచి వెళ్లి పొట్టు కప్పి వచ్చే మనిషి. పెళ్లయిన మొదటేడు ఒకసారి అతను నిద్రపోయి మంట లేవనిచ్చినందుకు మూడు రోజులు మాట్లాడలేదు.

అక్కడ ఎవరో వంట చేసుకుంటున్నారు. చెస్ట్‌నట్ అంటే ఏమిటో తెలియనివాళ్లు. ఈ కొండ మీద గాడిదలు దిగే బాట మలుపు అక్కణ్ణించి చక్కగా కనిపిస్తుంది. తను జర్మన్ అయినా ఆ గదే ఎంచుకునేవాడు.

అతను ఎవరికీ చెప్పలేదు. గది తనది. తాత కట్టింది. జెలిందాను వాళ్లు వెళ్లగొట్టి ఉంటారు, ఊళ్లో ఎవరింట్లోనో ఉండి ఉంటుంది. ఒకవేళ వెళ్లగొట్టకపోతే. వాళ్లకు వంట చేసిపెడుతూ అక్కడే ఉంటే. రెండు రోజులు ఈ రెండు మాటల మధ్యా తిరిగాడు. మోత కట్టేటప్పుడు తాడు రెండుసార్లు తప్పు ముడి వేశాడు. దొరసాని మెడ తిప్పి అతనివైపు చూసింది.

ఇరవై ఆరున మంచు తొందరగా విడిపోయింది. దిగుతున్న గాడిదల వరస మలుపు దగ్గరకొచ్చేసరికి మోర్టారు గుండ్లు పడ్డాయి. మొదటిది లోయలో, రెండోది బాట మీద. గురి చూసి వేసినవే. రెండో గుండు సెత్తిమియో గాడిదను చంపింది, అతని కుడి పాదాన్ని చీలమండ దగ్గర తెంపింది. ఎర్మెతె బెల్టుతో తొడ బిగించి కట్టి, దొరసాని మీద పడుకోబెట్టి కిందికి తెచ్చాడు. ఆ రోజు ఆవిడ బరువు చూసుకోలేదు. దారిలో సెత్తిమియో స్పృహలోనే ఉన్నాడు.

"వాడు మనల్ని చూస్తున్నాడన్నా. ఎక్కణ్ణించో కూర్చుని చూస్తున్నాడు," అన్నాడు. తరవాత, "సార్దీనియాలో గొర్రెలు కాయాలంటే రెండు కాళ్లూ కావాలి," అన్నాడు.

అతన్ని ఆస్పత్రి గుడారంలో అప్పగించి, ఎర్మెతె చేతులు కూడా కడుక్కోకుండా మళ్లీ కొండెక్కాడు. అది రెండు గంటల ఎక్కుడు. రెండు రోజుల కిందటే నోరు విప్పి ఉంటే ఆ పాదం ఉండేదని ఆ రెండు గంటలూ అనుకుంటూనే ఉన్నాడు.

హాల్వర్సన్ ముందు నిలబడి, ఏడో పొగ మారిందని చెప్పాడు. ఎప్పటినుంచో కూడా చెప్పాడు.

బొనోమో తర్జుమా చేశాడు. లెఫ్టినెంట్ ఏదో అడిగాడు. "ఆ గది ఎవరిదో తమరికి ఎరుకేనా అని అడుగుతున్నారండి."

"నాది."

బొనోమో అది తర్జుమా చెయ్యకుండా అతనివైపే తిరిగాడు. "అయ్యా, మరి లోపల తమ ఇల్లాలు..."

"లేదు. అది నా భార్య నిప్పు కాదు. ఆవిడ చేతి కింద నిప్పు మండదు. అది చెప్పు ఆయనకి."

బొనోమో చెప్పాడు. హాల్వర్సన్ బైనాక్యులర్స్‌లో చాలాసేపు చూసి, నేనూ గమనించాను, నల్లగానే ఉంది అన్నాడు. ఆనాటి పదిహేను గుండ్లలో నాలుగు మిగిలాయి. టెలిఫోను తిప్పి నాలుగూ దానిమీదే పెట్టించాడు. పొద్దు వాలే వేళ. మొదటిది తోపు కింద పడింది. రెండోది పైన. మూడోది దగ్గర. నాలుగో గుండు కప్పు మీద పడింది. రాతిపలకలు లేచి చెట్ల మీద రాలడం మామూలు కళ్లకు కూడా కనిపించింది.

ఎర్మెతె చివరిదాకా చూసి గాడిదల దగ్గరికి దిగిపోయాడు. ఆ సాయంత్రం తరవాత ఏడో పొగ రాలేదు. మర్నాడు మలుపు మీద మోర్టారు గుండు పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. సిపాయిలు అతని భుజం తట్టి సిగరెట్లిచ్చారు. అతను సిగరెట్లు సెత్తిమియోకి పంపించాడు. నాలుగో రోజున మళ్లీ పడ్డాయి. సరిగ్గా మలుపు మీదే.

మరి ఆ గదిలో ఉన్నదెవరన్న ప్రశ్నతో అప్పటినుంచి అతనికి తిండి సయించలేదు.

నవంబరు ఏడున ఒక పటాలం ఎడమపక్క వాగు వెంబడి మంచులో చుట్టు తిరిగి ఊరి పైకి చేరింది. జర్మన్లు ఆ మధ్యాహ్నమే వెనక శిఖరానికి జరిగారు. వాళ్లకు అక్కడా కాంక్రీటు సిద్ధంగా ఉంది. ఎనిమిదో తేదీ పొద్దున ఎర్మెతె దొరసాని మీద నీళ్ల డబ్బాలతో, ఒక రొట్టెల పెట్టెతో, తెల్ల గుడ్డపట్టీ కట్టి గుర్తుపెట్టిన దారిలో, ఒక్కో అడుగూ ముందువాడి అడుగులో వేస్తూ వాగు దాటాడు. గంటన్నర నడకకు ఇరవై రోజులు పట్టింది.

తన గది దగ్గర ఆగాడు. సగం గోడ నిలబడి ఉంది. తడక కూలి కాయలన్నీ కింది బురదలో కలిసి ఉన్నాయి. వాసన చూశాడు. పులిసిపోయాయి. కాలితో కెలికాడు. జర్మన్ తోటాలేమీ లేవు, డబ్బాల్లేవు, బూటు గుర్తుల్లేవు. నిప్పుగుంట దగ్గర సగం కాలిన కర్ర ఒకటి దొరికింది. చెక్కిన కర్ర, దానికి రంగు వేసి ఉంది. తిప్పి చూశాడు. అది తన పెళ్లి మంచం కోడు.

జెలిందా ఇంటి ముందు కూర్చుని గోనెసంచి కుడుతోంది. తల మీద గుడ్డ ఎడమ చెవి మీదికి దిగేలా కట్టుకుంది. అతన్ని చూసి సూది సంచికి గుచ్చి లేచింది. వచ్చి చొక్కా పట్టుకుని నిలబడింది.  కొంతసేపటికి ఆమె దొరసానిని చూసి, దీనికి నీళ్లు పెట్టాలా అంది. డబ్బాల నిండా నీళ్లే మోస్తోందని అతను అన్నాడు. ఆమె నవ్వింది.

తరవాత లోపల కూర్చోబెట్టి, పక్కింటివాళ్లిచ్చిన పిండితో రొట్టె కాల్చి పెడుతూ జరిగింది చెప్పింది. అక్టోబరు మొదట్లో జర్మన్లు వచ్చి మొద్దుల మేటు మొత్తం ఎత్తుకుపోయారు, గూళ్లకు కప్పు వేసుకోవడానికి. వాళ్ల గది బాట పక్కనే ఉండటంతో మొదట అదే దొరికింది. మిగతా ఆరిళ్లవాళ్లు రాత్రికి రాత్రి తమ మొద్దులు దాచేసుకున్నారు. మిగిలిన చెత్తాచెదారంతో తను పది రోజులు లాగింది. అదీ అయిపోయాక పొట్టు కూడా అయిపోయింది. బల్ల కాల్చింది, పెట్టె కాల్చింది, తలుపు కాల్చింది. ఎండిన కర్ర, రంగు వేసిన కర్ర, నీళ్లు చల్లినా మండుతుంది. మండినంతసేపు మండి ఆరిపోతుంది.

"మంచం కూడా కాల్చాను. పడుకోడానికి నువ్వు లేవుగా," అంది.

"ఎవర్నైనా అడగొచ్చుగా ఒక మొద్దు."

"నేనా? ఊరంతటికీ నిప్పు పెట్టేది నేను. నేనెళ్లి కట్టె అడుక్కోనా?" రొట్టె తిప్పింది. "అడిగాను చివరికి. ఆ సాయంత్రమే. కాయ మాడిన వాసన భరించలేక పక్కింటావిడ ఆర్జెంతీనా వాళ్లింటికెళ్లి అడిగా. నెత్తిన పెట్టుకుని వస్తుంటే పడ్డాయి. నాలుగే. మూడు వారాల్నుంచి మన ఊరి మీద ఒక్కటి పడలేదు, ఆ రోజు నాలుగు పడ్డాయి. నాలుగూ మన గది మీదే. ఎవరో వేలు పెట్టి చూపించినట్టు."

ఎర్మెతె ఆమెకు ఎడమపక్కన కూర్చుని ఉన్నాడు. నేల చూస్తూ, చూపించింది నేనే అన్నాడు.

ఆమె రొట్టె తీసి పక్కన పెట్టింది. ఇంకో ముద్ద పిండి రాతి మీద పరిచింది. ఆమె ఏమీ అనకపోవడంతో అతను తలెత్తాడు.

"ఏదో అన్నావు. ఆ చెవి పోయింది. ఈ వైపు వచ్చి చెప్పు," అంది జెలిందా.

చెప్పకుండా ఉండటానికి అప్పుడు వీలుంది. రొట్టె బాగుందన్నాననవచ్చు. అతను లేచి పొయ్యి చుట్టూ తిరిగి ఆమె కుడిపక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆ కాస్త దూరానికి చాలాసేపు పట్టింది.

"చూపించింది నేనే. అవతలి శిఖరం మీంచి చూశాను. మంట లేచింది. నువ్వు కాదనుకున్నాను. నీ చేతి కింద మంట లేవదని ఆయనకి చెప్పాను."

రాతి మీది రొట్టె అంచు నల్లబడింది. ఆమె దాన్ని తియ్యలేదు.

"అలాగే చెప్పావా?"

"అలాగే చెప్పాను."

"నా మీద అంత నమ్మకమా," అంది. అందులో వెటకారం ఉందో లేదో అతనికి అర్థం కాలేదు. ఆమె మాడిన రొట్టెను ఇప్పుడు తీసి రెండుగా విరిచి, ఒక ముక్క అతని చేతిలో పెట్టింది. "తిను. ఏప్రిల్ దాకా ఇదైనా ఎక్కడ్నుంచి వస్తుందో నాకు తెలీదు."

అతను తిన్నాడు. చేదుగా ఉంది.

మధ్యాహ్నం బొనోమో వెతుక్కుంటూ వచ్చాడు. ఊరికి పైన అర కిలోమీటరు దూరంలో, కొండచరియలో, చెట్టు వేళ్ల కింద సైన్యంవాళ్లకు ఒక గూడు దొరికిందట. అందులో టెలిఫోను తీగ, బైనాక్యులర్స్ పెట్టుకునే ముక్కాలి పీట. అక్కణ్ణించి మలుపు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుందట. అక్కడ పొయ్యి లేదు. వాళ్లు చల్లటి డబ్బా తిండి తిన్నారు. ఆ గూట్లోంచి ఒక్కనాడు కూడా పొగ రాలేదు. బొనోమో ఇదంతా నాయనమ్మ మాటల్లో నెమ్మదిగా చెప్పి, జెలిందాకు టోపీ తీసి నమస్కారం పెట్టి, లెఫ్టినెంట్ తమరిని రమ్మంటున్నారండయ్యా అన్నాడు.

వెళ్లేముందు ఎర్మెతె తన వాటా రొట్టెల పెట్టె దించి ఇంట్లో పెట్టాడు. ఎప్పుడొస్తావని జెలిందా అడగలేదు. మొద్దు ఒకటి దొరికింది, గది కప్పు వేసేవాళ్లే దొరకాలి అంది.

హాల్వర్సన్ ఊరి పైన కొత్త రాళ్ల చాటున కొత్త కాయితంతో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఇంకో లోయ, ఇంకో వాగు, ఇంకో కొండ. దాని మీద వాల్బియాంకా అనే ఊరు. ఎర్మెతెకు ఆ ఊళ్లో బంధువులు లేరు, సంతలో చూసిన మొహాలు కొన్ని తెలుసు. లెఫ్టినెంట్ ముందు గది గురించి ఏదో అన్నాడు. విచారం వెలిబుచ్చుతున్నారండి అని బొనోమో చెప్పాడు. నేనూ ఆ నల్ల పొగను చూసి అదే అనుకున్నాను, అని కూడా చెప్పమన్నాడట. తరవాత బైనాక్యులర్స్ అందించాడు.

అక్కడ మెతాతో పొగలు నాలుగున్నాయి. మూడు తెల్లగా పాకుతున్నాయి. ఒకటి నల్లగా, నిలువుగా లేస్తోంది. అది కూడా బాట పక్కనే ఉంది.

ఎర్మెతె చూశాడు. బైనాక్యులర్స్ దించి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"తెలీదు," అన్నాడు.

బొనోమో తర్జుమా చెయ్యకుండా అతనివైపు తిరిగాడు. "తెలీదంటే ఆయన ఆగరండయ్యా. రేపు పొద్దున పటాలం ఆ బాటనే దిగాలి. సాయంత్రానికి ఆరు గుండ్లున్నాయి."

అది నిజమేనని ఎర్మెతెకు తెలుసు. అక్కడ జర్మన్లే ఉంటే రేపు ఇంకెవరిదో పాదం పోతుంది. అక్కడ ఎవరి జెలిందానో మంచం కాలుస్తూ కూర్చుని ఉంటే.

"ఇక్కణ్ణించి తెలీదు. వెళ్లి చూసొస్తానని చెప్పు. వాగుదాకా పొదల్లోంచి గొర్రెల దారి ఉంది. అక్కడి వరకూ వెళ్తే వాసన తెలుస్తుంది. మనిషి కూడా కనిపిస్తే కనిపించొచ్చు."

లెఫ్టినెంట్ మందుపాతరల గురించి అడిగాడు. గొర్రెల దారిలో పెట్టి ఉండరని ఎర్మెతె అనబోయి ఆగాడు. అదీ తెలీదన్నాడు. లెఫ్టినెంట్ గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట పది. నాలుగింటిదాకా ఆగుతానన్నాడు.

ఎర్మెతె దొరసాని తాడు బొనోమో చేతికిచ్చాడు. ఆవిడ మీద ఎనభై కిలోలకు మించి వెయ్యొద్దని చెప్పాడు. జేబులో సగం మాడిన రొట్టె ముక్క ఉంది. దాన్ని ఒకసారి తడుముకుని, బూట్ల తాళ్లు బిగించుకుని, పొదల్లోకి దిగాడు. పది అడుగులు వేసి ఆగి, నేల చూసి, చేతికర్రతో పొడిచి, ఇంకో పది అడుగులు వేశాడు. వాన సన్నగా మొదలైంది. నల్ల పొగ లేస్తూనే ఉంది. అప్పటికి ఒంటిగంట ఇరవై రెండు.